జంటకొండల చుట్టుదారి

చలికాలం, 5వ రోజు
చుట్టుదారి మజిలీ నుంచి

మామయ్యకు,

నేను క్షేమం. బండి క్షేమం. తోటి డ్రైవరు కూడా క్షేమమే, కానీ అందులో నా ప్రయత్నమేమీ లేదు. పొద్దున బండి కదిలినప్పటి నుంచి సాయంత్రం ఆపేదాకా ఆయన ఒకే కూనిరాగం తీస్తాడు. కుజుడి మీద గాలి బాగా పలచన, బయట ఎంత అరిచినా లోపలికి వినబడదని చిన్నప్పుడు చదువుకున్నాం కదా. అందుకని ఆయన్ని బండి పైన కూర్చోబెట్టవచ్చా అని నిబంధనల పుస్తకం తిరగేశాను. కూర్చోబెట్టకూడదట.

మెరక మీదుగా ఎగువ గని దాకా ఇది నా మొదటి ప్రయాణం. ఉద్యోగం నీ సిఫారసుతో వచ్చింది కాబట్టి ఉత్తరం రాయడం నా బాధ్యత. రేడియోలో చెబుదామంటే ఈ కొండల్లో మూడే మాటలు పోనిస్తారు: చేరాం, బయల్దేరాం, చచ్చిపోతున్నాం. మిగతా కబుర్లన్నీ కాగితం మీద రాసి ఎదురొచ్చే బండికి ఇవ్వాల్సిందే.

దిగువ ఊరి గేటు దాటాక మొదటి రోజంతా ఎక్కడమే. రెండో రోజు రాళ్లు. మూడో రోజు ఇంకా పెద్ద రాళ్లు. నాలుగో రోజుకు వాటిని పట్టించుకోవడం మానేశాను. కిలోమీటరుకు ఒకటి చొప్పున నువ్వు పేర్చిన రాళ్లగుట్టలు అలాగే ఉన్నాయి, పైన తెల్లరంగు రాయితో సహా. ఒక్కటీ ఒరగలేదు. మా ఇంట్లో ఒక్క అలమర తిన్నగా బిగించలేకపోయిన మనిషివి, ఇక్కడ ఇంత పొందికగా ఎలా పేర్చావో నాకు అర్థం కాలేదు.

ఒక్కటే సందేహం. జంటకొండల దగ్గరికి రాగానే దారి ఎడమకు తిరిగి, ఈ మజిలీ మీదుగా రెండు రోజులు చుట్టి, మళ్లీ కొండల అవతల తేలుతుంది. దుర్భిణిలోంచి చూస్తే ఆ రెండు కొండల సందులోంచి అవతలి రాళ్లగుట్ట తిన్నగా కనబడుతోంది! పటంలో మాత్రం నీ చేతిరాతతో "సందులోకి పోరాదు" అని ఉంది. ఎందుకు పోరాదు? తోటి డ్రైవర్ని అడిగితే, "పెద్దాయన రాశాడంటే ఏదో ఉంటుందిలే" అని మళ్లీ రాగం ఎత్తుకున్నాడు.

ఈ మజిలీ చూసుకునే ఆవిడ మంచి టీ ఇచ్చింది. "థాంక్స్ అత్తా" అంటే నవ్వింది. నీ మేనకోడలినని చెప్పాక నా కాళ్లకున్న ఎర్రచారల మేజోళ్లకేసి చాలాసేపు చూసి, "ఇవి ఎవరు అల్లారు?" అంది. మా అమ్మ అన్నాను. లోపలికి వెళ్లి ఇంకో టీ పట్టుకొచ్చింది. అందులో చక్కెర రెండింతలుంది.

నీ మేనకోడలు

*

చలికాలం, 12వ రోజు
దిగువ ఊరు

అమ్మడూ,

ఉత్తరం అందింది. అలమర సంగతి ఉద్యోగపు ఉత్తరాల్లో రాయనక్కర్లేదు.

సందులో ఇసుక మెత్తన. బండి దిగబడుతుంది. అంతే.

ఇక్కడ అంతా మామూలే. మా అంతస్తు లిఫ్టు వారంలో మూడు రోజులు పైకి మాత్రమే వెళ్తోంది. దిగడం మన ఇష్టమట. నాకు ముప్పై నాలుగేళ్లు. భూమి లెక్కన అరవై దాటింది కానీ ఆ లెక్క ఇక్కడెవరూ అడగరు. ముప్పై నాలుగేళ్లకే మోకాళ్లు పోయాయంటే ఒక్క డాక్టరే నమ్మాడు. నమ్మినందుకు గుండె కూడా చూసి, ఇక మెరక ఎక్కితే అది ఊరుకోదని కాగితం రాసిచ్చాడు. నిన్న తలుపుకు అడ్డం పెట్టే రాయి కాలి బొటనవేలికి తగిలింది. దాన్ని పారేయమని మీ అమ్మ ఏళ్ల తరబడి చెబుతోంది. పారేయను.

ఒక విశేషం. వసంతంలో సందు మొదట్లో ఆఫీసువాళ్లు బోర్డు పెడతారట. "ఇక్కడి ప్రమాదాన్ని కనిపెట్టి ఎన్నో ప్రాణాలు కాపాడిన మార్గదర్శికి కృతజ్ఞతలతో" అని రాయిస్తారట. వద్దన్నాను. వినయం అనుకున్నారు.

ఆ మజిలీలో నీళ్ల యంత్రం ఇంకా దగ్గుతోందా? తలుపు పక్కన బయటికి వెళ్లేటప్పుడు తొడుక్కునే సూట్లు రెండూ ఇంకా వేలాడుతున్నాయా? ఊరికే అడుగుతున్నాను.

ఇంకొకటి. ఆవిడను అత్తా అని పిలవకు. పిన్నీ అను. ఆంటీ అను. ఏమీ అనకపోయినా ఫరవాలేదు.

మామయ్య

*

చలికాలం, 24వ రోజు
చుట్టుదారి మజిలీ నుంచి

మామయ్యకు,

నేను కాస్త కంగారుగా రాస్తున్నాను. నువ్వు కంగారు పడకు.

సందులో ఇసుక అని నాకు రాశావు. తోటి డ్రైవరుకు ఐదేళ్ల కిందట కొండచరియలు పడతాయని చెప్పావట. అమ్మకు సుడిగాలి అని చెప్పావు, నాకు బాగా గుర్తు. ఎగువ గని డాక్టరుకు "నేల కింద బోలు" అన్నావట. ఒక సందులో ఇన్ని ప్రమాదాలుంటే పటంలో ఒక్కటైనా రాసేవాడివి. మామయ్యా, నీకు మతిమరుపు మొదలైందని నా అనుమానం. ఈ వయసులో తప్పేమీ కాదు.

అత్తతో చెప్పాను. (పిన్నీ అంటే పలకలేదు. ఆంటీ అంటే వెనక్కి తిరిగి ఎవరినన్నట్టు చూసింది. నేనేం చేయను?) ఆవిడ మొహం వాడిపోయింది. "అన్నీ మరిచిపోతున్నారా, కొన్నేనా?" అని రెండుసార్లు అడిగింది. రోజూ పొద్దున మొదటి గుట్ట నుంచి ఆఖరి గుట్ట దాకా వరసగా తలచుకోమని చెప్పింది. అలా చేస్తే బుర్ర పదునుగా ఉంటుందట. ఈ మజిలీ దాకా వచ్చాక కాసేపు ఆగవచ్చు అని కూడా అంది.

అంత మంచి మనిషి మీద నీకెందుకంత కోపం? ఏదైనా గొడవ జరిగిందా? ఆవిడ మాత్రం నీ గురించి ఒక్క చెడ్డమాట అనలేదు. అసలు ఏ మాటా అనలేదనుకో. నేను చెబుతుంటే వింటుంది.

నీళ్ల యంత్రం దగ్గుతోంది. సూట్లు రెండూ ఉన్నాయి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. ఎందుకు అడిగావో మరిచిపోయి ఉంటే బాధపడకు.

నీ మేనకోడలు

*

చలికాలం, 31వ రోజు
దిగువ ఊరు

అమ్మడూ,

నాకు మతిమరుపా? రాసుకో.

ఆ మజిలీ మెట్లలో మూడోది కదులుతుంది, ఎడమపక్క తొక్కాలి. లోపలికి వెళ్లగానే కుడిచేతి వైపు కొక్కేలు ఐదు, నాలుగోది వంకర. కప్పులు ఆరు. నీలం అంచున్న కప్పుకు చెవి విరిగింది. ఆరు కప్పుల్లో నాకు ప్రతిసారీ అదే ఇస్తుంది. టీ పోసి, మూత పెట్టి, నూరు అంకెలు లెక్కపెట్టి ఇస్తుంది. పైకి లెక్కపెట్టదు, పెదాలు కదులుతాయి. అరవై దగ్గర ఒకసారి కిటికీలోంచి చూస్తుంది. జుట్టు ఆరేళ్ల కిందట చెవుల దగ్గర నెరవడం మొదలైంది, ఎడమవైపు ముందు. మరిచిపోయిన మనిషి ఇవన్నీ రాయగలడా? ఆవిడకు ఈ మాటలు చెప్పకు. నాకు జ్ఞాపకం బాగానే ఉందని మాత్రం చెప్పు.

ఆవిడ మీద నాకే కోపమూ లేదు. పరాయివాళ్ల సంసారం దగ్గర మనం హద్దులో ఉండాలి, అంతే. ఆ పెద్ద సూటు వాళ్లాయనది. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా ఆయన నాకు ఎదురుపడలేదు. నేను వెళ్లినప్పుడల్లా లోపలి గదిలో పడుకుని ఉండేవాడనుకుంటాను. నెమ్మదస్తుడు. మనవైపు నుంచి కూడా మర్యాద ఉండాలి కాబట్టి నేనెప్పుడూ ఆయన సంగతి ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు.

వచ్చే బండిలో ఆయనకు మీ అమ్మ చేత అల్లించి ఒక జత మేజోళ్లు పంపిస్తాను. పెద్ద సైజు.

మామయ్య

*

చలికాలం, 43వ రోజు
చుట్టుదారి మజిలీ నుంచి

మామయ్యకు,

నెమ్మదిగా కూర్చుని చదువు. రాయి తగలకుండా చూసుకో.

మొదటి సంగతి: వాళ్లాయన లేడు. ఎప్పుడూ లేడు. లోపలి గదిలో బియ్యం బస్తాలున్నాయి. ప్రతి మజిలీలో అదనంగా ఒక సూటు ఉండాలని నిబంధన. ఆఫీసువాళ్లు అదనపు సూట్లు ఒకటే సైజులో పంపిస్తారు, పెద్దది. నువ్వు అన్ని మజిలీలు తిరిగినవాడివి, అన్నిచోట్లా పెద్ద సూటు వేలాడుతూ ఉంటుంది. మిగతా మజిలీల్లో మొగుళ్లున్నారని ఎందుకు అనుకోలేదు?

రెండోది: నేనిది చెప్పి నవ్వుతుంటే ఆవిడ నవ్వలేదు. "మరి మీ మామయ్య భార్య ఎలా ఉన్నారు?" అంది. ఏ భార్య అన్నాను. "ఏటా ఆయనకు కొత్త ఎర్రచారల మేజోళ్లు అల్లి పంపేదెవరు మరి? నువ్వు మీ అమ్మ అల్లిందంటే, నీకొక్కదానికే అనుకున్నాను" అంది. పదకొండేళ్ల మేజోళ్లూ మా అమ్మే అల్లిందని, నీకు పెళ్లే కాలేదని చెప్పాను. లేచి వెళ్లి నీళ్ల యంత్రం విప్పి గంటసేపు బాగుచేసింది. అది దగ్గుతుందే గానీ పాడవలేదు.

మూడోది కావాలనే ఆఖరుకు పెట్టాను. నిన్న నేను గని నుంచి సందులోంచి వచ్చి, అక్కడి నుంచి ఈ మజిలీకి తిరిగాను. నీ జాబితా చదివాక మతిమరుపు కాదని తేలింది, మరి నాలుగు కారణాలెందుకో చూడాలనిపించింది. ఇసుక వేలెడు లోతు లేదు. చరియలు లేవు. నాలుగు గంటల్లో బయటపడ్డాం. తోటి డ్రైవరు భయంతో రాగం ఆపాడు, ప్రయాణంలో అదొక్కటే విశేషం. సరిగ్గా సగం దూరంలో మూడు రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పైన తెల్లరాయి లేదు. ఆ పేర్పు ఎవరిదో నాకు తెలుసు మామయ్యా. నాలుగు రోజుల పాటు దాన్నే చూస్తూ వచ్చాను.

నువ్వు సందులోకి వెళ్లావు. అది మంచి దారి అని తెలిసి పోరాదని రాశావు.

నాకు నవ్వు రావడం లేదు. పోయిన నెల గనిలో ఒకాయనకు పేగు వాచి దిగువకు తెచ్చారు. చుట్టుదారిలో రెండు రోజులు ఎక్కువ. బతికాడు, కానీ అది నీ దయ కాదు. అరవయ్యో రోజు లోపల దారి నివేదిక మీద డ్రైవర్ల తరఫున ఈసారి నేను సంతకం పెట్టాలి. నిజం రాస్తే ఇటు బండ్లు రావు, మజిలీ మూసేస్తారు, ఆవిడను దక్షిణాన మంచుబావుల దగ్గరికి బదిలీ చేస్తారు. ఆరు వేల కిలోమీటర్లు. రాయకపోతే నా మొదటి సంతకమే అబద్ధం కింద ఉంటుంది.

ఏం రాయమంటావు?

నీ మేనకోడలు

*

చలికాలం, 46వ రోజు
దిగువ ఊరు

అమ్మడూ,

నీ దగ్గర్నుంచి ఉత్తరం రాలేదు, అయినా బండి బయల్దేరుతోందని నాలుగు ముక్కలు. మేజోళ్లు పంపిస్తున్నాను. ఆయనకు ఇచ్చి, ఇన్నాళ్లుగా ఇబ్బంది పెట్టినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పు. బోర్డు రంగు నీలమా ఆకుపచ్చా అని ఆఫీసువాళ్లు అడిగారు. నీలం అన్నాను.

మామయ్య

*

చలికాలం, 51వ రోజు
దిగువ ఊరు

అమ్మడూ,

నీ ఉత్తరం చదివాను. కూర్చునే చదివాను. మేజోళ్ల బండి ఐదు రోజుల కిందటే వెళ్లిపోయింది, నేనేమీ చేయలేను. గేటు బయట దుమ్ము లేచి బండ్లు ఆగాయి కాబట్టి ఇది ఎప్పుడు చేరుతుందో తెలియదు. అయినా రాస్తున్నాను.

పదకొండేళ్ల కిందట ఇలాంటి దుమ్ములోనే దారి తప్పాను. మూడో రోజు ఒక తలుపు కనబడితే కొట్టాను. అప్పుడది వాతావరణం కొలిచే గది, మనుషులెవరూ వచ్చేవాళ్లు కాదు. ఆవిడ తలుపు తీసి, ఎవరని అడగలేదు. "కాళ్లు దులుపుకుని రండి" అంది. టీ ఇచ్చింది. నేను ఏడ్చాను. దుమ్ము పడిందన్నాను. "అవును, దుమ్ము ఎక్కువగా ఉంది" అంది.

తిరుగు ప్రయాణంలో సందు దొరికింది. సగం దూరంలో గుర్తు పెట్టడానికి మూడు రాళ్లు పేర్చి, పైన పెట్టే నాలుగోది, తెల్లది, చేతిలోకి తీసుకున్నాను. అది పెడితే దారి తిన్నగా పోతుంది, ఇక ఆ తలుపు ముందుకు వెళ్లే పని నాకు ఏనాటికీ ఉండదు. చాలాసేపు కూర్చున్నాను. తర్వాత ఆ రాయిని బండిలో వేసుకుని వచ్చేశాను. నా తలుపుకు అడ్డంగా ఉన్నది అదే.

ఒకటి రెండు ప్రయాణాలు చూసి సరిదిద్దుదాం అనుకున్నాను. ఈలోగా చుట్టు తిరిగేదాన్నే అందరూ దారి అన్నారు. తర్వాత పటం అచ్చయింది. అచ్చయ్యాక నాకు కూడా అక్కడేదో ప్రమాదం ఉన్నట్టే అనిపించేది.

పేగు వాచిన మనిషి సంగతి నాకు తెలియదు. తెలిసినప్పటి నుంచి అన్నం సయించడం లేదు. నాకు సిగ్గుగా ఉంది అమ్మడూ. నీకు ఉద్యోగం ఇప్పించి నీ చేత అబద్ధం రాయిస్తానా? నిజం రాయి. నేను కూడా ఇవాళ ఆఫీసుకు వెళ్లి రాసిచ్చి వచ్చాను. బోర్డు మానేశారు. పటాల గదిలో నా ఫొటో కూడా తీసేస్తారట. వాళ్లు తిట్టలేదు, టీ ఇచ్చారు. తాగలేకపోయాను.

ఆవిడను ఆరు వేల కిలోమీటర్ల దూరం పంపే కాగితం నా చేత్తో నేనే రాసిచ్చానని నాకు తెలుసు. ఆవిడంటే నాకు ఇష్టం. పదకొండేళ్లుగా ఇష్టం. ఆవిడకు ఎవరూ లేరని మేజోళ్లు పంపకముందే తెలిసి ఉంటే బాగుండేది, పదేళ్ల కిందట తెలిసి ఉంటే ఇంకా బాగుండేది. మీ అమ్మకు చెప్పకు.

మామయ్య

*

చలికాలం, 57వ రోజు
చుట్టుదారి మజిలీ నుంచి

మామయ్యకు,

నీ జవాబు రాలేదు. దుమ్ము అంటున్నారు. దుమ్ముకు ముందు బయల్దేరిన బండిలో మేజోళ్లు మాత్రం వచ్చాయి. అవి ఎవరికోసమో చెప్పాను. ఆవిడ విప్పి, తనే తొడుక్కుని, కాళ్లు చాపి చూసుకుంది. "మా ఆయనకు కాస్త వదులు" అంది. ఇప్పటిదాకా తీయలేదు.

నివేదిక మీద ఏం రాయాలో తెలియక కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే ఆవిడ ఒక పాత ఫైలు తెచ్చి నా పక్కన పెట్టింది. ఏటా చలికాలం సందును తనిఖీ చేసి కాగితం పంపాల్సింది ఈ మజిలీ వాళ్లేనట! నాకీ సంగతి తెలియదు. నీకు తెలుసా? లోపల పదకొండు కాగితాలున్నాయి. పదకొండింటి మీదా ఒకటే చేతిరాత: "తనిఖీ చేశాను. ఇసుక మెత్తన. బండి దిగబడును."

నీది కాదు, ఆవిడ చేతిరాత.

"మీరు సందులోకి వెళ్లలేదా?" అన్నాను.

"మొదటి ఏడాదే వెళ్లాను. మీ మామయ్య పేర్చిన మూడు రాళ్లూ చూశాను. అబద్ధం ఆడటం కూడా రాదు ఆ మనిషికి, సాక్ష్యం అక్కడే వదిలేసి వచ్చాడు."

"మరి ఇలా ఎందుకు రాశారు?"

"పెళ్లాం ఉన్న మనిషి, నేను అడగడానికేమీ లేదు. అయినా ఒక కప్పు టీ కోసం రెండు రోజులు చుట్టు తిరిగి వస్తున్నాడు. కాదని ఎలా రాయను?"

ఈ ఏటి కాగితం ఆవిడ అప్పటికే నింపేసింది. "సందు మంచి దారి. ఎప్పుడూ మంచిదే" అని రాసింది. ఇలా రాస్తే మజిలీ మూసేస్తారు కదా అత్తా అన్నాను.

"మూసేయనీ. గని మనిషి సంగతి నువ్వు చెప్పినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. అయినా ఆయన ఇక ఈ దారిన రాడు కదమ్మా. ఇంకెవరి కోసం చుట్టు తిప్పమంటావు ఊరందర్నీ?"

నేను కింద సంతకం పెట్టాను. అక్షరాలు వంకరగా వచ్చాయి.

బదిలీ ఆర్డరు వస్తే దక్షిణానికే. దిగువ ఊళ్లో ఎవరైనా గది ఇస్తామని ఒప్పుకోలు పత్రం నింపితే మాత్రం అక్కడే ఉండనిస్తారట. ఆ పత్రం నేను నింపగలను, మా ఇంట్లో చోటుంది. కానీ నింపలేదు. నేను నింపాల్సింది కాదనిపించింది. డెబ్బై ఐదో రోజుకు ఆవిడను నా బండిలోనే దింపుతాను. గేటు దగ్గర దింపాక ఎటు వెళ్లాలో మాత్రం ఆవిడకు చెప్పలేదు.

నీ మేనకోడలు

*

చలికాలం, 64వ రోజు
దిగువ ఊరు

అమ్మడూ,

దుమ్ము తగ్గి గేటు తెరిచారు. నీ ఉత్తరం వచ్చిన బండి, నాది తీసుకెళ్లిన బండి రాళ్లలో ఎక్కడో ఒకదాన్నొకటి దాటుకుని ఉంటాయి. నాది చదివాక చింపెయ్యకు. ఆవిడకు చూపించు. సిగ్గుపడే వయసు కాదు నాది, ముప్పై నాలుగు.

పత్రం నింపి ఇచ్చాను. బంధుత్వం అన్నచోట ఏం రాయాలో తెలియక ఖాళీ వదిలేశాను. గుమాస్తా ఖాళీ పనికిరాదన్నాడు. "పదకొండేళ్ల పరిచయం" అని రాశాను. అది బంధుత్వం కాదన్నాడు. ఆవిడ వచ్చి దిద్దుతుందన్నాను. స్టాంపు వేశాడు.

మీ అమ్మకు నేనే చెప్పాను. అంతా విని, "ఆవిడ కాలి సైజు ఎంత?" అని ఊలు తీసింది.

నీలం అంచు కప్పు మజిలీ సామాన్లలో పోకుండా చూడు. అది ఆఫీసుది కాదని చెప్పు. ఆవిడను ఏమని పిలుస్తావో నీ ఇష్టం.

ఇది మాత్రం ఆవిడకు చదివి వినిపించు. గేటు నుంచి నా గదికి రెండు దారులున్నాయి. బజారు సొరంగం చుట్టూ తిరిగి వస్తే ఇరవై నిమిషాలు. లిఫ్టు పక్క మెట్ల మీదుగా తిన్నగా వస్తే నాలుగు నిమిషాలు. తిన్నగా వచ్చే దారిలో ఇసుక లేదు, చరియలు పడవు, గాలి లేదు, నేల గట్టిది. నిన్న ఈ మోకాళ్లతో మూడుసార్లు నడిచి చూశాను. తలుపు తీసే ఉంటుంది, రాయి అడ్డం పెట్టి.

మీ మామయ్య